సీడు పత్తి చేతులతో కంప్యూటరు బిగించాను

వీడియోలో మాట్లాడే ఆయన మొదట చేతికున్న ఉంగరాలు, గాజులు తీసి పక్కన పెట్టమన్నాడు. తీయడానికి నా చేతులకు ఏమీ లేవు. మూడేళ్ళ కిందటే తీసేశారు. మా పాప తన గాజులు తీసి కిటికీలో పెట్టింది, ఒకసారి నా చేతులవైపు చూసి గబుక్కున ఫోనువైపు తిరిగింది. దాన్ని పట్టించుకునే స్థితిలో నేను లేను. నా ముందు దుప్పటి మీద అట్టపెట్టెలు వరసగా ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కటి నా చేతిలో పాడైనా మా ఆయన బండి ఊరికే పోయినట్టే.

బండి సంగతి ముందు చెప్పాలి.

నాకు సంతకం పెట్టడం వచ్చు. బస్సు బోర్డు మీద మైదుకూరు అనే మాటను గుర్తుపట్టడం వచ్చు. అంతకు మించి చదువు లేదు. నేను చెబుతుంటే ఇది మా పాపే రాస్తోంది, చేతికింద తువ్వాలు పెట్టుకుని. లేకపోతే కాగితం తడిసిపోతుంది. చిన్నప్పటినుంచీ దాని అరచేతులకు చెమట. మామూలు చెమట కాదు, చలికాలం పొద్దున కూడా వేళ్ళ చివరలనుంచి బొట్లు రాలతాయి. పదో తరగతి పరీక్షలో జవాబు కాగితం తడిసి చిరిగిపోయిందని ఏడుస్తూ వచ్చింది. కడపలో డాక్టరుకు చూపిస్తే కొందరి ఒళ్ళు అంతేనమ్మా, భయపడొద్దు అన్నాడు. ఇది రాయొద్దు మా అంటోంది ఇప్పుడు. రాయమన్నాను. ఇది లేకపోతే మిగతాది ఎవరికీ అర్థం కాదు.

వాళ్ళ నాయన పోయినాక పాప డిగ్రీ మధ్యలో ఆపేసింది. నాతోపాటు చేనికి వస్తానంది. నేను చేసేది సీడు పత్తి పని. తడిచేతులు ఆ పనికి పనికిరావు, పుప్పొడి తడిస్తే కాయ పట్టదు. రెండు రోజులు వచ్చింది. మూడోరోజు చేను ఆసామి వద్దన్నాడు. ఇంట్లో కూర్చుంది. కూర్చుని ఫోనులో ఆట మొదలుపెట్టింది.

ఆ ఆటలో ఐదుగురు ఆడపిల్లలు ఒక జట్టు. ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు, చెవుల్లో ఫోను వైరు పెట్టుకుని మాట్లాడుకుంటూ ఆడతారు. ఒకమ్మాయి అనంతపురం, ఒకమ్మాయి గుంటూరు అని చెప్పేది. నాకు ఆ ఆట ఏమిటో తెలియదు, తుపాకులు పట్టుకుని గోడల చాటున పరుగెత్తుతారు. కానీ అది ఆడేటప్పుడు మా పాప గట్టిగా మాట్లాడేది, నవ్వేది, వాళ్ళకు ఇటు పో అటు పో అని చెప్పేది. వంటింట్లో గిన్నె తోముతూ నేను చెయ్యి ఆపి వినేదాన్ని. వాళ్ళ నాయన పోయినప్పటినుంచీ దాని గొంతు ఇంట్లో అంత పైకి లేచింది లేదు.

తర్వాత ఆ జట్టు ఫోను వదిలి కంప్యూటరు ఆటకు మారింది. పోటీలు దాంట్లోనేనంట. మా పాప చోటు ఒక ఆదివారం దాకా ఉంచుతామన్నారు. ఆ రోజు మధ్యాహ్నం ఒక ఆట ఆడి చూపించాలి, లేకపోతే ఇంకో అమ్మాయిని తీసుకుంటారు. అది నా దగ్గర ఏమీ అడగలేదు. ఒకరోజు అన్నం తింటూ చెప్పింది, అంతే.

"ఫోను అద్దం మీద తడివేలు పెడితే ఒకచోట నొక్కితే ఇంకోచోట పలుకుతాంది మా. దానికి మీటలుంటాయి. మీటలైతే చేతులు తడిగా ఉన్నా ఏం కాదు."

వసారాలో గోనెపట్టా కప్పిన బండి ఉంది. ట్రాక్టరు తోలడానికి మా ఆయన దాని మీదే ఊళ్ళు తిరిగేవాడు. నాకు తోలడం రాదు, పాపకు హ్యాండిలు చేతిలో నిలవదు. బండి కొనేవాళ్ళకు ఇచ్చేశాను.

మా మరిదికి మైదుకూరులో బోరు మోటర్లకు తీగ చుట్టే అంగడి ఉంది. సంగతి తెలిసి ఆ సాయంత్రమే వచ్చాడు. లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడి, పట్టా మాత్రమే మిగిలిన ఆ చోటు చూశాడు.

"ఆడుకునేదానికి మాయన్న బండి అమ్మినావా వదినా?"

"తుప్పు పట్టిపోతాండాది కదప్పా. దాని మీద ఎవురు పోతాండారు చెప్పు."

"నన్నడిగింటే నేను పెట్టుకుంటాంటి. సర్లే. అది ఒక్కరోజన్నా పలికితే చెప్పంపు, వచ్చి చూసిపోతా."

మంచినీళ్ళు కూడా తాగకుండా పోయాడు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. అన్నదమ్ములిద్దరూ ఆ బండి మీదే కలిసి తిరిగేవాళ్ళు. అతని కోపంలో తప్పు లేదని నాకు తెలుసు, అదే ఎక్కువ బాధ.

పాప ఫోనులో చూసి ఒక్కొక్క భాగం ఒక్కొక్కచోట ఏరి తెప్పించింది. మా ఊరికి కొరియరు రాదు. మైదుకూరు పోయి పెట్టెలు ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చుకున్నాము. గుంతలో బస్సు ఎగిరినప్పుడల్లా నేను పెట్టెను పొట్టకు అదుముకునేదాన్ని. కడపలో ఒక అంగడివాళ్ళకు ఫోను చేసి బిగించి ఇస్తారా అంటే, మా దగ్గర కొనని సామాన్ల మీద చెయ్యి వేయం అన్నారు. తానే బిగించుకుంటానని పాప అంతకు ముందునుంచీ అనుకుంటూనే ఉంది, వీడియోలు నోటికి వచ్చేదాకా చూసింది. శుక్రవారం పొద్దున మొదటి పెట్టె విప్పింది. పచ్చటి పలక ఒకటి, దాని నిండా గీతలు, చుక్కలు. అది మదర్‌బోర్డంట. దాన్ని సంచిలోనుంచి తీయబోయే ముందే పాప వేలినుంచి ఒక బొట్టు జారి ఆ సంచి మీద పడింది. వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుంది. రబ్బరు తొడుగులు వేసుకుని చూసింది, వాటిలో నీళ్ళు నిండి స్క్రూ కూడా నిలవలేదు. తొడుగులు పీకేసి అడిగింది.

"మా, నీ చేతులకు చెమట పడతాదా?"

"ఎండలో ఇరవై ఏండ్లు ఎండినాయి. యాడనుంచి వస్తాది?"

"అయితే నువ్వే బిగించల్ల."

నవ్వుతోందేమో అని చూశాను. నవ్వలేదు.

సీడు పత్తి పని తెలియనివాళ్ళకు చెప్పాలి. మరుసటి రోజు విచ్చే మొగ్గను మధ్యాహ్నం పట్టుకుని, బొటనవేలి గోరుతో చుట్టూ గాటు పెట్టి, రెక్కలూ పుప్పొడీ ఒక్క లాగుతో ఒలిచేయాలి. మధ్యలో ఉండే సన్నటి కాడకు గోరు తగలకూడదు. తగిలితే ఆ పువ్వు రాలిపోతుంది. అందుకే మేమంతా బొటనవేలి గోరు పెంచుకుంటాము. మరునాడు పొద్దున మగపువ్వు తెచ్చి ఆ కాడకు అద్ది, తొడిమకు దారం కడతాము. దారం ఉన్న కాయే విత్తనానికి, లేనిది గిల్లేస్తారు. దారానికి వేలెడంత తోక వదలాలి, ఆకుల్లో ఏరేవాళ్ళకు కనపడాలని. రోజుకు ఎన్ని వందల పూలు కట్టేదాన్నో లెక్క లేదు. ఆ ధైర్యమే నాకున్న ధైర్యం. ఇక్కడ ఒక్క పువ్వు రాలినా పక్కన ఇంకో పువ్వు లేదు.

పాప నా చీర మార్పించింది. పాలిస్టరు చీరకు ఎండాకాలం చిటపటమని నిప్పు పుడుతుంది కదా, ఆ చిటుక్కుమనే దానికే లోపలి చిప్పులు చచ్చిపోతాయంట. నూలు చీర కట్టుకుని బండల మీద కూర్చున్నాను. ఏ సామాను ముట్టుకునే ముందైనా కిటికీ ఇనుపచువ్వ పట్టుకోమంది. స్క్రూలు దొర్లకుండా పైన ఫ్యాను ఆపేసింది. బయట ఎండ మండుతోంది, నా వీపంతా తడిసింది, చేతులు మాత్రం పొడిగానే ఉన్నాయి. పాప రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నా భుజం మీదినుంచి వంగి చెబుతోంది.

మొదటిది ప్రాసెసరు. అగ్గిపెట్టె వెడల్పుతో పలచటి బిళ్ళలా ఉంటుంది. అది కూర్చునే గడిలో వందల కొద్దీ బంగారు ముళ్ళు, వెంట్రుక కన్నా సన్నం. ఒక్కటి వంగినా బోర్డంతా పోతుందని పాప ముందే చెప్పి నా ప్రాణం తీసింది. మూలన ఉన్న చిన్న గుర్తూ, గడి మూలనున్న గుర్తూ కలిపి వదలమంది, నొక్కొద్దంది. వదిలాను. తర్వాత పక్కనున్న కమ్మీని కిందికి దించాలి. దించుతుంటే కరకరమని శబ్దం వచ్చింది. చెయ్యి ఆపేశాను.

"అట్లనే వస్తాదంట మా, దించు."

"విరుగుతాంది పాపా."

"విరగదు. వీడియోలో ఆయప్ప కూడా అట్లనే చెప్పినాడు, దించు."

కళ్ళు మూసుకుని దించాను. ఆ శబ్దం ఆ రోజంతా నా చెవుల్లో ఉంది.

దాని మీద చిన్న ఫ్యాను ఉన్న దిమ్మె పెట్టి నాలుగు మూలలా నొక్కాను. ఫ్యానుకు నల్ల వైరు, దాన్ని బోర్డులో గుచ్చాలి. గుచ్చాక నాకో భయం పట్టుకుంది. ఇంకా వైర్లు బోలెడు ఉన్నాయి. బోర్డు మీది అక్షరాలు నేను చదవలేను, ఏది అయిందో ఏది కాలేదో ఎలా తెలుస్తుంది? చేతికి అలవాటైన పని చేశాను. కుట్టుపెట్టెలోనుంచి దారం తీసి ఆ వైరుకు ముడి వేశాను, అయినదానికి గుర్తుగా. పాప చూసి, ఇదేందిమా అంది. చెప్పాను. మంచిదేలే, కానీ నల్ల వైరుకు నల్లదారం కనపడదు, ఎర్రది కట్టు, తోకలు కత్తిరించు అంది. లేచి ఎర్రదారం ఉండ తెచ్చుకున్నాను. అప్పటినుంచి ప్రతి వైరుకూ ఎర్రముడి, కత్తెరతో తోక తుంచడం. మధ్యాహ్నానికి పెట్టె లోపల కంపచెట్టుకు ఎర్రపూలు పూసినట్టుంది. ఆట బొమ్మలు చూపించే పెద్ద కార్డు చివరన గుచ్చాను, అది బరువుగా ఇటుక లాగుంది. టక్కుమని లోపల పడగానే ఇద్దరం ఊపిరి వదిలాము.

పాప మోచేత్తో బటను నొక్కింది. లైట్లు వెలిగాయి. వెనకాల ఫ్యాను తిరిగింది. తెర మీద ఏవో తెల్లటి అక్షరాలు వచ్చాయి. నేను పాప ముఖమే చూస్తున్నాను. దాని నోరు కదులుతోంది, చదువుతోంది, పూర్తికాకముందే అన్నీ ఆరిపోయాయి. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అంతే.

ప్రాసెసరు మీది ఫ్యాను తిరగడం లేదని తెర మీద రాసి ఉందంట. వైరు తీసి మళ్ళీ గుచ్చాను. తిరగలేదు. ఫ్యానుకు కరెంటే పోవడం లేదేమో, బోర్డు కాలిపోయిందేమో అంది. కాసేపటికి, నా ముఖం చూడకుండా అడిగింది.

"నీ గోరు యాడన్నా తగిలిందా మా?"

లేదు అన్నాను. అన్న క్షణంనుంచే అనుమానం. కరకరమన్నప్పుడు కళ్ళు మూసుకున్నాను కదా, అప్పుడు తగిలిందేమో. చేతులు అటూ ఇటూ పోయినప్పుడు ఏ గీతకు గీసుకుందో. పాప ఆ మాట మళ్ళీ అనలేదు. బోర్డు వెనక్కి పంపితే కొత్తది రావడానికి వారం పడుతుందని మాత్రం చెప్పింది. ఆదివారం ఎల్లుండి. జట్టులో ఉన్న అమ్మాయికి ఫోను చేస్తానని పెరట్లోకి పోయింది, ఫోను చేయకుండానే తిరిగి వచ్చింది. కింద బండ మీద దాని చేతులనుంచి పడిన బొట్లు ఆ గదినుంచి ఈ గదిదాకా వరసగా ఉన్నాయి.

ఆ సాయంత్రం నేను వాకిట్లో కూర్చుని బ్లేడుతో నా బొటనవేలి గోరు మొదలంటా కోసేశాను. ఎందుకు కోశానో అడిగితే చెప్పలేను. దాని మీదే మేము తింటున్నాము. అయినా ఆ పూట దాన్ని చూడలేకపోయాను.

శనివారం పొద్దున మరిది వచ్చాడు. పలికిందో లేదో చూసి పోవడానికే వచ్చాడని అనుకున్నాను. ఈసారి లోపలికి వచ్చాడు. పెట్టె పక్కమూత తీసే ఉంది. వంగి చూశాడు. ఎర్రముళ్ళు చూశాడు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను, ఏమంటాడో అని.

"ఏమయింది పాపా?"

"ఫ్యాను తిరగలేదు చిన్నాయనా. బోర్డు పోయిండొచ్చు."

"పోయిందని ఎవురు చెప్పినారు?"

అతను చెప్పులు వాకిట్లో వదిలి వచ్చి కింద కూర్చున్నాడు.

"బోరు మోటరు తిరగలేదని తెస్తారు నా దగ్గరికి. కాలిపోయిందనే తెస్తారు అందురూ. నేను మొదట కరెంటు తీసి చేత్తో తిప్పి చూస్తా. కాలిందా, పట్టేసిందా, చేతికి తెలుస్తాది. మీరు తిప్పి చూసినారా?"

చూడలేదు. ముట్టుకుంటే ఏమవుతుందో అని ఇద్దరం దూరంగానే ఉన్నాము. అతను ప్లగ్గు పీకాడు. వార్నిషు పట్టిన లావు వేళ్ళు లోపలికి పెట్టబోయి ఆగాడు.

"నా చెయ్యి పట్టదు. నువ్వు పెట్టు వదినా. మెల్లగా."

కిటికీ చువ్వ పట్టుకుని వచ్చి, చూపుడువేలితో ఫ్యాను రెక్కను తోశాను. పావు చుట్టు తిరిగి ఆగింది. వెనక్కి తోశాను, మళ్ళీ పావు చుట్టు. ఇనుము ఇనుముకు తగిలినట్టు గట్టిగా ఆగలేదు. మెత్తగా, లాగినకొద్దీ బిగుస్తూ ఆగింది. ఆ బిగువు నా వేలికి తెలుసు. తొడిమకు దారం చుట్టి లాగితే అలాగే బిగుస్తుంది.

పాపను ఫోను లైటు వేయమన్నాను. నల్ల రెక్కల కింద, నల్ల ఇరుసు చుట్టూ, నా నల్లదారం. ఎర్రది తేవడానికి లేచినప్పుడు మొదటి ముడిని మరచిపోయాను. దానికి మాత్రం వేలెడంత తోక అలాగే ఉంది, చేనులో వదిలినట్టు. బటను నొక్కగానే ఫ్యాను ఆ తోకను లోపలికి లాక్కుంది.

గోరు తగలలేదు, ముల్లు వంగలేదు, అదంతా కాదు. నా ముడే.

"విత్తనం కాయ పడతాదనుకున్నావేమో వదినా," అన్నాడు మరిది. పాప ఫక్కున నవ్వింది, వెంటనే ఆపుకుంది.

నవ్వడానికి తొందరపడ్డాము. దారం కొస ఇరుసు చుట్టూ చుట్టుకుని లోపల ఉంది. దాన్ని గోరుతో పైకి లేపాలి. లేపడానికి వేలు పెట్టాను, గోరు లేదు. కోసిన వేలి చివర మెత్తటి కండ దారం మీద జారుతోంది తప్ప పట్టడం లేదు. పాప వేళ్ళు తడి, మరిది వేళ్ళు లావు. పాప నా బొటనవేలిని అప్పుడే చూసింది. లోపలికి పోయి పిన్నీసు తెచ్చి నా చేతిలో పెట్టింది.

పిన్నీసు మొనతో ఒక్కొక్క చుట్టే లేపాను. కింద బోర్డు, మొన జారితే ఈసారి నిజంగానే పోతుంది. మరిది లైటు పట్టుకున్నాడు, పాప నా మోచెయ్యి కింద దిండు పెట్టింది. ఎన్ని చుట్లో, ఎంతసేపో. చివరి చుట్టు ఊడి దారం చేతికి వచ్చినప్పుడు నా మెడ పట్టేసి ఉంది. మరిది రెక్కను వేలి కొసతో తోశాడు. ఆగకుండా నాలుగైదు చుట్లు తిరిగింది.

ప్లగ్గు పెట్టాడు. బటను నన్ను నొక్కమన్నారు. నేను పాపనే నొక్కమన్నాను.

తిరిగింది. తెర వెలిగి, వెలిగే ఉంది. పాప గోడవైపు తిరిగి తువ్వాలుతో ముఖం తుడుచుకుంది.

మరిది పోతూ పోతూ టెస్టరు తీసి పెట్టె ఇనుము మీద పెట్టి చూశాడు. సన్నగా వెలిగింది, ఇనుములోకి కరెంటు దిగుతోందని. "ఎర్తింగు గుంత ఎండిపోయిండాది, నీళ్ళు పోస్తాండావా?" అని అడిగాడు. ఆ పని మా ఆయన చేసేవాడు. ఆయన పోయినాక ఎవరికీ గుర్తులేదు. అతనే పెరట్లోకి పోయి గుంతలో ఉప్పు వేసి రెండు బిందెల నీళ్ళు పోసి, మళ్ళీ వచ్చి టెస్టరు పెట్టి చూశాడు. వెలగలేదు. బండి మాట ఎత్తలేదు. కాఫీ తాగి పోయాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆట. పాప ఎలుక లాంటి ఆ మీట మీద నూలుగుడ్డ చుట్టుకుంది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, గొంతు పైకెత్తి, ఇటు రా, అటు పో, ఆగు అంటోంది. నేను తెర చూడలేదు. చూసినా నాకు తెలియదు. పెట్టె వెనకాల కూర్చుని, గాలి వచ్చే చోట అరచెయ్యి పెట్టుకున్నాను. వెచ్చటి గాలి వస్తోంది. ఒక్క నిమిషం సన్నబడినట్టు అనిపిస్తే చెయ్యి ఇంకా దగ్గరికి జరిపేదాన్ని. మళ్ళీ వచ్చేది. కరెంటు పోకూడదని మొక్కుకున్నాను, ఎవరికి మొక్కానో గుర్తులేదు.

పాప చెవులవి తీసి పక్కన పెట్టింది.

"ఓడిపోయినాం మా."

తువ్వాలు తీసుకుని చేతులు తుడుచుకుంది.

"అయినా ఉండమన్నారు. చేతులు ఇప్పుడు బాగా పలుకుతాండాయి అన్నారు."

సరేలే అన్నాను. చెయ్యి మాత్రం అక్కడినుంచి తీయలేదు. ఇప్పటికీ అది బటను నొక్కే ముందు నేను లైటు వేసి ఫ్యాను చూస్తాను, చాదస్తం అంటుంది. నా గోరు సగం పెరిగింది. పత్తి పూతకు వచ్చేలోపు మిగతా సగం పెరగాలి, పెరుగుతుందో లేదో. రోజూ పొద్దున లేవగానే మొదట దాన్నే చూసుకుంటున్నాను.